సీసా కొన్నవాడు, పక్కన నిలబడినవాడు

(యౌవనస్థుల తరగతి పాఠము)

ఈ నెల పాఠము యౌవనస్థుల కోసమే గాని, ముందు తండ్రులు, సంఘపెద్దలు చదివి తరువాత పిల్లలకు ఇవ్వవలెనని నా మనవి. ఇందులో తడబడినవాడు యౌవనస్థుడు ఒక్కడే కాదు.

2019 వేసవిలో జరిగిన సంగతి ఇది. నెల్లూరు జిల్లా నుండి వచ్చిన 23 ఏండ్ల అబ్బాయి ఒకడు త్యాగరాయనగర్‌లోని ఒక బట్టల కొట్టులో అమ్మకము పని చేసేవాడు. కొట్టువారు ఇచ్చిన హాస్టల్లోనే పడక, భోజనము. జీతములో సగానికి పైగా ఇంటికి పంపేవాడు. పొద్దున్నుండి రాత్రి దాకా నిలబడి చేసే పని. (అమ్మకపువారికి కూర్చొనుటకు ఆసనము ఉండవలెనని తమిళనాడులో 2021లో గాని చట్టము రాలేదు.) ఆ వేసవిలో అతని ఊరి స్నేహితుడు ఇంటర్ పరీక్షలు వ్రాసి, పని వెదుక్కుంటూ వచ్చి అతని దగ్గర దిగాడు. వాడికి 17 ఏండ్లు.

వారపు సెలవు సాయంత్రము ఇద్దరూ టాస్మాక్ దుకాణమునకు వెళ్లారు. పెద్దవాడు లోపలికి వెళ్లి రెండు బీరు సీసాలు కొన్నాడు. చిన్నవాడు బయట మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఆ దారిన పోతున్న కొట్టు సూపర్వైజరు ఇద్దరినీ చూశాడు. చూసి ఊరుకొనేవాడేమో గాని, ఆ రాత్రి చిన్నవాడు హాస్టల్లో వాంతులు చేసుకున్నాడు. మరునాడు మేనేజరు పెద్దవాణ్ణి పిలిచి, తెల్లకాగితము ముందు పెట్టి, సొంత కారణముల వల్ల పని మానుకొంటున్నానని వ్రాసి సంతకము చేయమన్నాడు. ఒక్కరోజు గడువు అడిగి, ఆ అబ్బాయి రాత్రి పది గంటలకు మా తలుపు తట్టాడు.

"మాష్టారూ, మీరు ఒక్క మాట చెప్తే చాలు. నిన్న సాయంత్రము నేను మన ప్రార్థన కూటములో ఉన్నానని చెప్పండి. సంఘపెద్ద మాట మేనేజరు కాదనడు."

నేను వెంటనే కాదన్నానని వ్రాసుకుంటే బాగుండును గాని, అది నిజము కాదు. అతని జీతము మీద ఊరిలో నలుగురు తింటున్నారని నాకు తెలుసు. పొద్దున్నే అతనితో వెళ్దామని, ఏమి చెప్పవలెనో మాటలు కూడా కూర్చుకుంటున్నాను. అప్పుడు మా ఇంటావిడ లోపలినుండి వచ్చి, "ఇంతకీ ఆ చిన్నపిల్లవాడు ఎలా ఉన్నాడు?" అని అడిగినది. అరగంట నుండి మాట్లాడుకుంటున్నాము, ఆ మాట మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

ఆ తరువాత కూడా అబ్బాయి వాదించాడు. "నా డబ్బు, నా వయస్సు. కొన్నాను, అంతే. వాడి నోట్లో నేను పోయలేదు" అన్నాడు. ఇందులో కొంత నిజమున్నది. తమిళనాడులో మద్యము కొనుటకు 21 ఏండ్లు నిండవలెను. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో కూడా అంతే. కేరళలో 2017 నుండి 23. ఇతనికి 23 నిండినవి. చిన్నవాడు పక్కన నిలబడినంత మాత్రాన కొనుట నేరము కాదు. కాని కొన్న రెండు సీసాలలో ఒకటి ఎవరి చేతికి పోయినది? 2015 బాలల న్యాయ చట్టము, 77వ సెక్షను, 18 ఏండ్లు నిండని వారికి మత్తు పానీయము ఇచ్చినవారికి, ఇప్పించినవారికి ఏడేండ్ల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా అని చెప్పుచున్నది. వైద్యుడు వ్రాసిచ్చినప్పుడు తప్ప దీనికి మినహాయింపు లేదు. అమ్మినవాడు, తండ్రి, స్నేహితుడు అనే తేడా కూడా లేదు. ఉద్యోగము పోతుందని భయపడుతున్న అబ్బాయికి అంతకంటె పెద్దది పక్కనే ఉన్నదని ఆ రాత్రి వరకు తెలియదు. నాకూ సరిగా తెలియదు, మన సంఘములోని ఒక న్యాయవాది సహోదరుడు ఫోనులో వివరించాడు.

"వాడికి సర్టిఫికెట్లో 17 గాని నిజానికి 19 మాష్టారూ, బళ్లో తగ్గించి వేశారు" అన్నాడు. ఈ మాటకు నేనే తల దించుకోవలసి వచ్చినది. ఉపాధ్యాయ శిక్షణ ముగించి బడిలో చేరిన కొత్తలో, పుట్టినతేదీ తెలియని పిల్లలకు జూన్ 1 అని వ్రాసినవారిలో నేనూ ఒకడిని. అయితే వయస్సు మీద తగవు వచ్చినప్పుడు ముందుగా చూసేది బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రము లేక పదవ తరగతి సర్టిఫికెటే. అవి లేనప్పుడు పంచాయతీ, మునిసిపాలిటీ జనన పత్రము. అదీ లేనప్పుడే వైద్య పరీక్ష. మాష్టారు ఏ అంకె వేశాడో అదే వయస్సు. పైగా 19 అయినా దుకాణములో 21 కాదు గదా. పుదుచ్చేరిలో, మన యానాములో, 18 చాలునని మరొక మాట అన్నాడు. మనము ఉన్నది చెన్నైలో నాయనా అన్నాను.

చివరికి అతనికి ఏడుపు వచ్చినది ఉద్యోగము తలుచుకుని కాదు. "నాయనమ్మకు తెలిస్తే..." అన్నాడు. నెల్లూరు జిల్లావారికి ఇది వివరించనక్కరలేదు, ఇక్కడే పుట్టిన పిల్లల కోసము చెప్తున్నాను. 1990 తరువాత ఆ జిల్లాలో రాత్రిబడులు నడిచినవి. దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా కొట్టు మూయించిన సంగతి వాచకములో "ఆడవాళ్ళు ఏకమైతే" అనే పాఠముగా అచ్చయినది. అది చదివిన ఊరూరి స్త్రీలు 1992లో సారా మీద లేచారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధము, 1995 జనవరిలో మద్యనిషేధము వచ్చినవి, 1997లో రెండవది సడలిపోయినది. ఆ వాచకముతో అక్షరాలు దిద్దిన స్త్రీలలో ఈ అబ్బాయి నాయనమ్మ ఒకతె. ఒక పాఠము ఇంత పని చేయగా చూసిన ఉపాధ్యాయుడికి చెప్పరాని సంతోషము. కాని మనుమడి దగ్గరకు వచ్చేసరికి ఆ పాఠము భయముగా మాత్రమే మిగిలినది.

హబక్కూకు 2వ అధ్యాయము 15వ వచనము తీసి చదువుకొనండి. ప్రవక్త అక్కడ శ్రమ అని పలికినది తాగినవానికి కాదు, పొరుగువానికి పోసి ఇచ్చినవానికి. రోమా 14వ అధ్యాయములో పౌలు కూడా నా స్వేచ్ఛ ఎంతవరకు అని అడగడు, నా పక్కవాడు దానివలన పడిపోవునా అని అడుగుతాడు. చట్టము వ్రాసినవారు ఈ గ్రంథము చూసి వ్రాయలేదు. అయినా ఇద్దరి చూపూ ఇచ్చిన చేతి మీదనే నిలిచినది.

మరునాడు ఇద్దరమూ వెళ్లాము. ప్రార్థన కూటము మాట ఎత్తలేదు. కొన్నది నేనే, ఇచ్చింది నేనే అని అతనే చెప్పాడు. నేను ఒక్క సంగతి మాత్రము మర్యాదగా అడిగాను. తమిళనాడు దుకాణముల చట్టము (1947) 41వ సెక్షను ప్రకారము, ఆరు నెలలు విడువక పని చేసినవానిని తగిన కారణము, నెల నోటీసు లేక నెల జీతము లేకుండా తీసివేయరాదు. దోషము చేశాడని నోటీసు లేకుండా తీసివేయవలెనంటే విచారణ జరిపి సాక్ష్యము వ్రాతలో పెట్టవలెను. తీసివేసినా కార్మిక శాఖ అధికారికి అప్పీలు ఉన్నది. తానుగా మానుకొంటున్నానని సంతకము పెట్టినవాడు ఈ హక్కులన్నీ తన చేతితోనే వదులుకొన్నట్టు. అప్పటికే ఆ కొట్టులో అతనికి రెండేండ్ల పని. పని వేళ కాని వేళ, కొట్టు బయట కొన్నది దోషమగునా అనుటకు వాదనలున్నవి గాని, హాస్టల్లో జరిగినదానికి వాదన లేదు. చెన్నైలో పని చేసే మన పిల్లలందరికీ ఈ భాగము తరగతిలో రెండుసార్లు చదివి వినిపించండి. నియామకపు కాగితము లేనివారు జీతపు చీటీలైనా దాచుకొనవలెను.

మేనేజరు మెత్తబడలేదు. హాస్టల్లో పడక తీసివేశారు, మూడు వారములు జీతము లేకుండా కూర్చోబెట్టి, తరువాత గోదాములో మూటలు దింపే పని ఇచ్చారు. అమ్మకపు కమిషను పోయినది. ఆ మూడు వారములు అతడు మా ముందుగదిలో పడుకున్నాడు. సంఘములో ఇద్దరు ముగ్గురు నాతో మాట్లాడుట మానివేశారు, అలాంటివానిని ఇంటిలో పెట్టుకున్నానని. వారికి నా దగ్గర జవాబు ఉన్నది. చిన్నవాణ్ణి రైలెక్కించిన రాత్రి వాడి తండ్రి ఫోను చేసి అన్న మాటకే లేదు. "అక్కడ మన సంఘమున్నదనే గదండీ పంపాను" అన్నాడు.

తరగతిలో మాట్లాడుకొనుటకు: ఆ పిల్లవాడు చెన్నైలో ఉన్న ఐదు వారములలో మనలో ఎవరైనా వాణ్ణి భోజనానికి పిలిచామా? అబద్ధ సాక్ష్యము చెప్పుమని మీ ఇంటివాడే అడిగితే ఏమి చేస్తారు? మీ గదిలో ఈ రాత్రి పడుకొనబోయే ఊరి కుర్రవాడు ఏ సంవత్సరములో పుట్టాడు?