కొత్త ఇంట్లోకి అమ్మ రాగలదా?



*నేటి ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 22:8, మార్కు సువార్త 2:1–5*
(ముందు బైబిలు తెరిచి ఈ రెండు భాగాలు చదువుకోండి.)

పోయిన వారం అమెరికాలోని అట్లాంటా నుండి ఒక తమ్ముడు తన ఇంటి ప్లాను ఫోనులో పంపించాడు. అక్కడ ఒక స్టోరులో రోజంతా నిలబడి పనిచేసి, కూడబెట్టిన డబ్బుతో ఊళ్లో ఇల్లు మొదలుపెడుతున్నాడు. "అన్నా, వచ్చే నెల శంకుస్థాపన. ప్రార్థన చెయ్యి" అన్నాడు.

ప్లాను చూశాను. కింద పార్కింగు, హాలు, వంటగది. బెడ్‌రూములు, బాత్‌రూములు అన్నీ పైనే. వీధిలోంచి వరండాకు ఆరు మెట్లు. "అమ్మ ఏ గదిలో ఉంటుంది తమ్ముడూ?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "ఆవిడకు మోకాళ్ల నొప్పులన్నా, పైకి ఎక్కలేదు. ఎక్కడో చోట సర్దుతాంలే" అన్నాడు.

ఆ మాట ఒకప్పుడు నేనూ అన్నాను. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

*1. పిట్టగోడ ఎవరి కోసం?*

కొత్త ఇల్లు కట్టేవాడికి దేవుడు ధర్మశాస్త్రంలో ఒక ఆజ్ఞ ఇచ్చాడు. ఇంటి పైకప్పుకు చుట్టూ పిట్టగోడ కట్టించాలి, ఎవరైనా పైనుంచి పడి చనిపోతే ఆ రక్తదోషం నీ ఇంటి మీదికి వస్తుంది అని చెప్పాడు. ఆ కాలంలో మిద్దెలు చదునుగా ఉండేవి. రాహాబు మిద్దె మీద జనుపకట్టె పరిచింది. పేతురు ప్రార్థన చేయడానికి మిద్దె ఎక్కాడు. అంటే అది మనుషులు తిరిగే చోటు.

ఇక్కడ ఆలోచించండి. అంచు ఎక్కడుందో ఇంటి యజమానికి బాగా తెలుసు. తెలియనిది చిన్నబిడ్డకు, చూపు ఆనని ముసలమ్మకు, రాత్రిపూట వచ్చిన చుట్టానికి. దేవుడు యజమానితో, నీ ఇంట్లో బలహీనుడెవరో చూసి కట్టు అంటున్నాడు. అది కూడా ఎవరో పడ్డాక కాదు, కట్టేటప్పుడే.

*2. కప్పు విప్పాల్సి వచ్చిన ఇల్లు*

కపెర్నహూములో ప్రభువు ఒక ఇంట్లో ఉన్నాడు. పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చారు. జనం కిక్కిరిసి ఉండి దారి లేక, కప్పు విప్పి పరుపుతో కిందికి దించారు. ఆ నలుగురి విశ్వాసం గురించి మనం చాలా ప్రసంగాలు విన్నాం. నేను కట్టుబడి పని చేసినవాణ్ణి గనుక నాకు ఇంకొకటి కూడా కనబడుతుంది. ప్రభువు లోపల ఉన్నాడు, ద్వారం కూడా ఉంది, కానీ ఆ మనిషికి మాత్రం ఆ ద్వారం పనికిరాలేదు. అటువంటి ఇళ్లు ఈ రోజు మనం డబ్బు పెట్టి మరీ కడుతున్నాం.

*3. నా సాక్ష్యము*

గల్ఫులో పదకొండేళ్లు షట్టరింగ్ పని చేశాను. ఆసుపత్రులకు, మాల్స్‌కు ర్యాంపులు పోసిన చేతులివి. మాది కోనసీమ. గోదావరి నీళ్లొస్తాయని అరుగు మూడడుగులు లేపి, ఆరు గ్రానైటు మెట్లు పెట్టించాను. ఊరంతా చూసి మెచ్చుకోవాలని నా ఆశ.

గృహప్రవేశమైన రెండో ఏడు అమ్మ పడి తుంటి ఎముక విరిగింది. చక్రాల కుర్చీ కొన్నాం గానీ, ఆ కుర్చీ మెట్లెక్కలేదు, బాత్‌రూము తలుపులో పట్టలేదు. అమ్మ వెనకాల పాత రేకుల షెడ్డులోనే మంచం వేయించుకుంది. వీడియో కాల్‌లో అడిగితే, "నాకిక్కడే చల్లగా ఉందిరా అబ్బాయ్" అనేది. రేకుల కింద చల్లగా ఎలా ఉంటుంది? నేను బాధపడకూడదని అలా అంది.

సెలవు మీద వచ్చి మెట్ల పక్కన వాలు పోయించాను. బాత్‌రూము గోడ పగలగొట్టి తలుపు వెడల్పు చేయించాను. నాలుగు నెలల జీతం అయిపోయింది. అమ్మ పద్నాలుగు నెలలు ఆ ఇంట్లో ఉండి ప్రభువు దగ్గరకు వెళ్లింది. ముందే ఆలోచించి ఉంటే ఆ రేకుల కింద ఒక్క ఎండాకాలం కూడా గడిపేది కాదు.

*4. అట్లాంటాలో జరిగిన పని*

ఆ తమ్ముడు ఉంటున్న అట్లాంటాలోనే ఎలినార్ స్మిత్ అనే ఆమె ఉండేది. పోలియో వల్ల చక్రాల కుర్చీలో తిరిగేది. కొత్తగా కట్టిన ఇళ్లన్నిటికీ గడప దగ్గర మెట్లు చూసి, వీటిని మొదటినుంచే వేరేగా కట్టి ఉండొచ్చు కదా అనుకుంది. 1987లో కాంక్రీట్ చేంజ్ అనే పేరుతో పని మొదలుపెట్టింది. అమెరికాలో 1990లో వచ్చిన వికలాంగుల చట్టం షాపులకు, ఆసుపత్రులకు వర్తిస్తుంది గానీ మామూలు సొంత ఇళ్లకు వర్తించదు. ఆమె మాత్రం ప్రతి కొత్త ఇల్లూ అలా ఉండాలని అడిగింది. 1992లో అట్లాంటా నగరం, ప్రభుత్వ సాయంతో కట్టే కొత్త ఇళ్లకు ఆ నియమం పెట్టింది. 2002లో అరిజోనాలోని పిమా కౌంటీ కొత్తగా కట్టే సొంత ఇళ్లన్నిటికీ పెట్టింది. పేదలకు ఇళ్లు కట్టే హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ సంస్థ కూడా అట్లాంటాలో అదే పద్ధతిలో ఇళ్లు కట్టింది. ఆమె ముఖ్యంగా అడిగినవి మూడే:

• మెట్టు లేకుండా లోపలికి వచ్చే దారి ఒక్కటైనా ఉండాలి. ముందు వీలుకాకపోతే పక్కనుంచో, వెనకనుంచో.
• కింది అంతస్తులో తలుపుల దగ్గర 32 అంగుళాల ఖాళీ ఉండాలి.
• కింది అంతస్తులోనే చక్రాల కుర్చీ పట్టే బాత్‌రూము ఒకటి ఉండాలి.

*5. మేస్త్రికి ఇలా చెప్పండి*

తలుపు ఎన్ని అడుగులు అని కాకుండా, ద్వారబంధం, తలుపు మందం పోగా ఎంత ఖాళీ మిగులుతుందో అడగండి. అదే 32 అంగుళాలు ఉండాలి. రెండున్నర అడుగుల తలుపు పెడితే చాలదు.

వరద వచ్చే ఊళ్లో అరుగు ఎత్తు తగ్గించవద్దు. పక్క గోడ వెంబడి వాలు పోయించండి. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు కావాలి. మూడడుగుల ఎత్తుకు 36 అడుగులు అవుతుంది గనుక మధ్యలో చదునుగా ఒక మలుపు పెట్టండి. గ్రానైటు వద్దు, గరుకు సిమెంటు చాలు. పక్కన పట్టుకోవడానికి పైపు బిగించండి. మన కాలానికి అదే పిట్టగోడ.

కింద ఒక పడకగది అమ్మానాన్నలకు ఉంచండి. ఈ రోజు వాళ్లకు కాళ్లు బాగానే ఉండొచ్చు. రేపు మనకూ ముసలితనం వస్తుంది.

కాగితం మీద గీత మార్చడానికి ఖర్చు లేదు. స్లాబు పడ్డాక మార్చాలంటే సుత్తి, సమ్మెట కావాలి.

ఆ తమ్ముడు నిన్న మళ్లీ ప్లాను పంపించాడు. కారు పెట్టే చోటు చిన్నదైంది. దాని పక్కన అమ్మ గది, బాత్‌రూము వచ్చాయి.

*ప్రార్థన:* పరలోకమందున్న మా తండ్రీ, ఊరి మెప్పు కోసం కాక, మా ఇంట్లో బలహీనుల కోసం ఇల్లు కట్టే మనసు మాకు దయచేయుము. దూరదేశంలో ఉన్న నీ బిడ్డల కష్టార్జితాన్ని, వారి తల్లిదండ్రులను కాపాడుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.

ఊళ్లో ఇల్లు కట్టే ప్రతి సహోదరునికీ, శంకుస్థాపనకు ముందే ఇది పంపించండి.