ప్రసంగానికి ఏ వరుస?



విచారణ పండుగనాడో, పెండ్లి పందిట్లోనో, గురువుల వీడ్కోలు సభలోనో "మీరూ రెండు మాటలు చెప్పండి" అంటూ మైకు మన చేతికి వస్తుంది. ఏమి చెప్పాలో చాలామందికి తెలుసు. దేని తర్వాత ఏది చెప్పాలో ఆలోచించుకునేవారు తక్కువ. ఈ వారం పాఠం ఆ వరుస గురించే.

అపోస్తలుల కార్యములు తెరవండి. 13వ అధ్యాయంలో పునీత పౌలు పిసిదియలోని అంతియొకయ ప్రార్థనా మందిరంలో మాట్లాడతారు. ఐగుప్తు, ఎడారి, న్యాయాధిపతులు, సౌలు, దావీదు అంటూ కాలక్రమంలో వచ్చి యేసు ప్రభువును చేరుకుంటారు. వినేవారికి ఆ చరిత్ర తమ ఇంటి కథ. 17వ అధ్యాయంలో ఆయన ఏథెన్సులో ఉన్నారు. అక్కడి తత్త్వవేత్తలకు మోషే ఎవరో పట్టదు. అందుకే ఆ చరిత్ర ఊసే ఎత్తలేదు. ఎవరో తెలియని దేవునికంటూ వారు కట్టుకున్న బలిపీఠంతో మొదలుపెట్టి, వారెరిగిన దాని నుండి ఎరుగని దానికి నడిపించారు. మనిషి ఒక్కరే, సువార్త ఒక్కటే. వినేవారు మారారు కనుక వరుస మారింది.

నాతాను ప్రవక్తను చూడండి. "రాజా, నీవు పాపం చేశావు" అని మొదటే అని ఉంటే దావీదు చెవులు మూసుకునేవాడేమో! పేదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పి, రాజుకు కోపం వచ్చాక, ఆ దోషి నీవేనన్నాడు. వినేవారు ఎదురు తిరుగుతారనుకున్నప్పుడు అసలు మాట చివరకు దాచుకోవడం ఒక పద్ధతి.

ఇక మన ఊళ్ళకు వద్దాం. ప్రొద్దుటూరులో బదిలీ అయిన గురువుల వీడ్కోలు సభ అనుకోండి. ఎనిమిది మంది లేచి, ఫలానా సంవత్సరం వచ్చారు, ఫలానాది కట్టించారు అని అదే వరుస చెబితే పిల్లలు నిద్రపోతారు. కాలక్రమం చెడ్డదని కాదు. స్తెఫాను మహాసభ ముందు అబ్రహాము నుండి చెప్పుకొచ్చినది అదే. కానీ పితరులు దేవుని దూతలను ఎలా నిరాకరించారో చూపడానికి ఆయనకు ఆ చరిత్ర అవసరమైంది. మనం మాత్రం వేరే ఏదీ తోచక దాన్ని పట్టుకుంటాం. గురువుల గుణం ఒక్కటి, రోగులను పరామర్శించడమే కావచ్చు, తీసుకుని దానికి రెండు సంఘటనలు చెప్పండి. చాలు.

వరుస తప్పితే నష్టపోయే చోట్లు వేరే ఉన్నాయి. 2020లో గండికోట జలాశయంలో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు మునిగింది. అటువంటి ముంపు గ్రామపు తల్లి ఒకామె జమ్మలమడుగులో అధికారి ముందు నిలబడిందనుకోండి. దొరికేది మూడు నిమిషాలు. తాతల నాటి ఇల్లు, చింతచెట్టు, చర్చి గంట దగ్గర మొదలుపెడితే కన్నీళ్ళు వస్తాయి, సమయం అయిపోతుంది, అర్జీ చేతిలోనే మిగిలిపోతుంది. ఆమెకు పనికివచ్చే వరుస సమస్య, కారణం, కోరిక: "సార్, మా పెద్దబ్బాయికి పరిహారం రాలేదు. వాడి పేరు జాబితాలో లేదు. గడువు తేదీకే వాడికి పద్దెనిమిదేళ్ళు నిండాయి, ఇదిగో పత్రం. పేరు చేర్చండి." చింతచెట్టు సంగతి ఆ తర్వాత చెప్పినా అధికారి వింటాడు.

పులివెందులలో రైతు యువకులతో మాట్లాడేటప్పుడు కారణం నుండి ఫలితానికి పోవచ్చు, ఫలితం నుండి కారణానికీ రావచ్చు. నాకు రెండవదే ఇష్టం. ఎండిన చీనీచెట్టు అందరి కళ్ళెదుట ఉంటుంది. అక్కడ మొదలుపెట్టి, ఒకే పొలంలో బోరు మీద బోరు ఎందుకు వేశాం, అప్పు ఎలా పెరిగింది అని వెనక్కి వెళితే ఎవరూ కాదనలేరు.

అభ్యాసం: ఈ ఆదివారం పూజ తర్వాత ఇంట్లో ఒక కాగితం తీసుకోండి. పైన "వినేవారు ఎవరు? విన్నాక ఏమి చేయాలి?" అని రాయండి. దాని కింద మీ నాలుగు మాటలను రెండు వేర్వేరు వరుసల్లో రాసి, పిల్లలకు రెండూ చదివి వినిపించండి. ఏది గుర్తుందో సాయంత్రం వారినే అడగండి.