అటక మీది రేడియో, అలసిపోయిన కండెన్సర్లు

కర్నూలు, కడప జిల్లాల పాత మిద్దె ఇళ్ళలో గూట్లోనో అటక మీదో గుడ్డ కప్పిన వాల్వు రేడియో మీకు ఎప్పుడైనా కనిపించవచ్చు. కొయ్యపెట్టె, ముందు బట్ట తొడిగిన స్పీకరు, గాజుపలక మీద వరుసగా అంకెలు, మూలన మర్ఫీ అనో బుష్ అనో ఒక పేరు. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక మీ జేజినాయన వయసువాళ్ళు పంటల ధరలూ వాన కబుర్లూ విన్నది ఇలాంటి పెట్టెల్లోనే. ఇది చేతికి దొరకగానే ఎవరికైనా ముందు తోచేది ప్లగ్గు పెట్టి స్విచ్చి వేయడం. దయచేసి ఆ పని చేయకండి. నలభై ఏళ్ళు నిద్రపోయిన రేడియో మొదటి అయిదు నిమిషాల్లోనే కాలిపోవచ్చు. అలా ఎందుకు జరుగుతుందో చూద్దాం.

వాడకుండా ఉంచిన వాల్వు పగలకపోతే అంత త్వరగా చెడదు. తీగచుట్టలూ అంతే. ముసలితనం ముందుగా వచ్చేది కండెన్సర్లకు. పాఠ్యపుస్తకాల్లో వీటినే కెపాసిటర్లు అంటారు. రెండు లోహపు పలకలు, వాటి నడుమ విద్యుత్తును పోనివ్వని ఒక బంధకం, ఇదే కండెన్సరు. ఏకముఖ విద్యుత్తును అది ఆపుతుంది. అటూ ఇటూ మారే ఏకాంతర విద్యుత్తును, అంటే పాటనూ మాటనూ, దాటనిస్తుంది. పలకలు పెద్దవైనా, నడుమ ఎడం తగ్గినా దాని కెపాసిటీ పెరుగుతుంది. ఈ రెండు మాటలూ గుర్తుంటే తక్కిన కథంతా అర్థమవుతుంది.

రేడియో వెనుక అట్ట తీసి చూస్తే ఒకదానిలో ఒకటి దూరే అల్యూమినియం రేకుల దొంతర కనిపిస్తుంది. స్టేషను మరను తిప్పితే అది తిరుగుతుంది. మెకానిక్కులు దాన్ని గ్యాంగు అంటారు. అదీ కండెన్సరే, కాని దాని బంధకం గాలి. గాలికి ముసలితనం ఉండదు కదా! మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు. రేకులు పూర్తిగా లోపలికి పోతే కెపాసిటీ ఎక్కువై తక్కువ పౌనఃపున్యపు స్టేషన్లు పలుకుతాయి, బయటికి వస్తే ఎక్కువవి. పౌనఃపున్యం కెపాసిటీ వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది. అందుకే 540 నుంచి 1600 కిలోహెర్ట్జ్ దాకా, అంటే సుమారు మూడు రెట్లు పోవాలంటే, కెపాసిటీ తొమ్మిది రెట్లు మారాలి. తీగచుట్ట 180 మైక్రోహెన్రీలది అనుకుంటే, కడప స్టేషను 900 కిలోహెర్ట్జ్ దగ్గర పలకడానికి సుమారు 174 పికోఫారడ్‌లు కావాలి. లెక్క వేసి చూసుకోండి.

ఇక అసలు దోషులు ఇద్దరు. మొదటిది కాగితపు కండెన్సరు. రెండు సన్నని లోహపు రేకుల మధ్య కాగితం పెట్టి, చుట్ట చుట్టి, మైనంలో ముంచి చేసినది. వేడికి మైనం కరిగి కారుతుంది, సందుల్లోంచి తేమ చేరుతుంది. కోస్తావాళ్ళంత ఉక్కపోత మనకు లేకపోయినా, నలభై ఏళ్ళలో నలభై వానాకాలాలు వచ్చిపోతాయి! తేమ చేరిన కాగితం బంధకంగా ఉండక, కొద్దికొద్దిగా విద్యుత్తును కారుస్తుంది.

కొద్దిగా కారితే ఏం మునిగింది అంటారా? మొదటి ఆడియో వాల్వు నుంచి స్పీకరును నడిపే వాల్వు గ్రిడ్డుకు పాటను అందించే కండెన్సరును తీసుకుందాం. దానికి ఒకవైపు 100 వోల్టులు ఉన్నాయనుకోండి. రెండోవైపు గ్రిడ్డు నుంచి భూమికి అర మెగోమ్ నిరోధం. కండెన్సరు బాగుంటే గ్రిడ్డు సున్నా వోల్టుల వద్ద, కాథోడు కంటే 7 వోల్టులు తక్కువగా ఉంటుంది. అదే కండెన్సరు తొమ్మిదిన్నర మెగోమ్‌ల నిరోధంలాగా కారుతుంటే? మొత్తం 10 మెగోమ్‌లు, ప్రవాహం 10 మైక్రోఆంపియర్లు, అర మెగోమ్ మీద 5 వోల్టులు. ఏడులో అయిదు పోయి రెండే మిగిలాయి. వాల్వు తనంతట తాను కొంత సర్దుకుంటుంది గాని, కావలసినదానికంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. మాట గరగరమంటుంది, వాల్వు కాలిపోయేంత వేడెక్కుతుంది, ఆ వెనుక ఉన్న అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో వెంట్రుక లాంటి తీగ తెగిపోతుంది. కొన్ని రూపాయల కండెన్సరు మార్చనందుకు, వెతికినా దొరకడం కష్టమైన ట్రాన్స్‌ఫార్మరు పోతుందన్నమాట.

రెండో దోషి ఎలక్ట్రోలైటిక్ కండెన్సరు. ఇందులో బంధకం అల్యూమినియం రేకు మీద పెంచిన ఆక్సైడు పొర. దాని మందం ఒక్క మైక్రోమీటరు కూడా ఉండదు. తల వెంట్రుక దానికంటే యాభై రెట్లకు పైగా మందం. ఎడం అంత తక్కువ కాబట్టే చిన్న డబ్బాలో అంత కెపాసిటీ పడుతుంది. ఆ పొరను కాపాడేది లోపలి తడి. వేడి పది డిగ్రీలు పెరిగితే దీని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఇంజనీర్ల లెక్క. మే నెలలో బయటే నలభై దాటే కర్నూల్లో, వాల్వుల పక్కన, మూసిన పెట్టెలో దీని గతి మీరే ఊహించండి. తడి ఆరితే కెపాసిటీ తగ్గి, స్పీకరులో సెకనుకు నూరు కంపనాల గుయ్యిమనే మోత వస్తుంది. వాడకుండా ఉంచినా ఆక్సైడు పొర బలహీనపడుతుంది. అప్పుడు ఒక్కసారిగా 250 వోల్టులు పడితే లోపల వేడెక్కి, వాయువు పుట్టి, డబ్బా పగులుతుంది.

దీనితో ఇంకో ప్రమాదం ఉంది. ప్లగ్గు తీసినా ఇందులో ఆవేశం నిలిచి ఉంటుంది. 300 వోల్టుల దగ్గర 32 మైక్రోఫారడ్‌లలో దాగే శక్తి 1.44 జౌళ్ళు, నూరు గ్రాముల రాయి మీటరున్నర ఎత్తు నుంచి పడితే వచ్చేంత. అది గుండె మీదుగా పోకూడదు. అందుకే మెకానిక్కు ముందుగా తీగలకు తొడుగున్న 10 కిలోఓమ్‌ల నిరోధాన్ని దాని కొసల మధ్య పది సెకన్లు ఉంచి, తర్వాత మీటరుతో చూసుకుంటాడు. కొన్ని ఏ.సి.-డి.సి. రేడియోల్లో ఇనుప చట్రమే కరెంటు తీగకు కలిసి ఉంటుంది. కాబట్టి పెట్టె లోపలి పని అనుభవమున్న మెకానిక్కుది. మీరు పక్కన నిలబడి చూడండి, అడగండి, బొమ్మ గీసుకోండి.

మీరు నిర్భయంగా చేయగల ప్రయోగం ఒకటుంది. మెకానిక్కు విప్పి పక్కన పడేసిన కాగితపు కండెన్సరును అడిగి తెచ్చుకోండి. 9 వోల్టుల బ్యాటరీ, ఆ కండెన్సరు, డి.సి. వోల్టుల మీద పెట్టిన డిజిటల్ మీటరు, మూడింటినీ వరుసలో కలపండి. చాలా డిజిటల్ మీటర్ల లోపలి నిరోధం 10 మెగోమ్‌లు. కొత్త కండెన్సరైతే అంకె ఒక్కసారి ఎగిరి సున్నాకు దిగుతుంది. పాతదానికి నాలుగున్నర దగ్గర నిలిచిందా? అయితే అదీ 10 మెగోమ్‌ల నిరోధంలా కారుతున్నట్టే. సున్నా చూపినంత మాత్రాన మాత్రం మంచిదని నమ్మకండి. 9 వోల్టులకు నోరెత్తనిది 200 వోల్టుల దగ్గర కారవచ్చు. అందుకే నా మాటైతే కాగితపువన్నీ మార్చేయడమే మేలు.

మార్చేటప్పుడు ఒకటి విప్పి, ఒకటి అతికి, తర్వాతే రెండోదాని జోలికి పోవాలి. కాగితపువాటికి బదులు 630 వోల్టుల పాలిస్టరు ఫిల్మువి వేస్తారు. పాతదాని మీద 0.05 మైక్రోఫారడ్ అని ఉంటే ఇప్పుడు దొరికే 0.047 సరిపోతుంది. ఎలక్ట్రోలైటిక్‌కు ధన, ఋణ కొసలు తారుమారైతే పేలుతుంది. రెట్టింపు కెపాసిటీ వేస్తే మోత ఇంకా తగ్గుతుందని కొందరు ఆశపడతారు. అది పొరపాటు. స్విచ్చి వేయగానే ఆ ఖాళీ కడుపు నింపలేక రెక్టిఫయర్ వాల్వు దెబ్బతింటుంది. మెయిన్సు తీగల మీద ఉన్న కండెన్సరుకు ఎక్స్, వై తరగతులవి మాత్రమే వాడాలి. మైకావాటినీ, గ్యాంగు మీది చిన్న మరలనూ ఊరికే ముట్టుకోకూడదు. ముట్టుకుంటే స్టేషన్ల అమరిక చెదిరిపోతుంది.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు రేడియోకు వరుసలో 60 వాట్ల ఫిలమెంటు బల్బు పెడతారు. లోపల ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, రేడియో బతుకుతుంది. మసకగా వెలిగితే సరే. అర నిమిషానికి వాల్వులు వేడెక్కుతాయి. కర్నూలు స్టేషను కోసం వెతక్కండి, అది ఎఫ్.ఎం.; ఈ పెట్టెల్లో చాలావాటికి మీడియం వేవ్, షార్ట్ వేవ్ తప్ప తెలియవు. ముల్లును 900 దగ్గరికి తిప్పండి. బరబర తప్ప ఏమీ వినపడకపోతే ముందు ఇంట్లో ఎల్.ఇ.డి. బల్బులూ ఫోను చార్జర్లూ ఆపి చూడండి. జేజినాయన కాలంలో ఆ శత్రువులు లేరు.