చవక విమానం: టికెట్ వెనుక లెక్కలు

బల్కంపేట ఎల్లమ్మ గుడికీ బేగంపేట పాత విమానాశ్రయానికీ ఎంతో దూరం లేదు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యేదాకా మన హాస్టల్ సీనియర్లు విమానాల మోత వింటూనే చదువుకున్నారు. ఎక్కినవాళ్లు మాత్రం అరుదు. ఇప్పుడు మనలోనూ ఇంటర్వ్యూలకూ ఉద్యోగాలకూ విమానమెక్కేవాళ్లు తయారవుతున్నారు. ఎం.బి.ఏ.లో చదువుకున్నదీ, స్వయంగా పడి నేర్చుకున్నదీ కలిపి మేము ఈ వ్యాసం రాస్తున్నాం. జూనియర్ తమ్ముళ్లకు పనికొస్తుందని ఆశ.

మన దేశంలో చవక విమానాలకు దారి వేసింది ఎయిర్ డెక్కన్. దాన్ని స్థాపించిన కెప్టెన్ జి.ఆర్. గోపీనాథ్ కర్ణాటకలో ఒక బడిపంతులు కొడుకు, సైన్యంలో పనిచేసి బయటికి వచ్చినవారు. 2003 ఆగస్టులో సర్వీసులు మొదలయ్యాయి. అదే ఏడాది హైదరాబాద్–విజయవాడ తొలి విమానం మన బేగంపేటలోనే బయలుదేరబోతూ ఉండగా ఇంజన్‌లో మంటలు లేచాయి. వెంకయ్యనాయుడు వంటి నాయకులు అందులో ఉన్నారు. అందరూ క్షేమంగా దిగారు గానీ కొత్త సంస్థకు అంతకన్నా చెడ్డ ప్రచారం ఇంకేముంటుంది? అయినా సంస్థ నిలదొక్కుకుంది. ఆర్.కె. లక్ష్మణ్ గీసిన సామాన్యుడి బొమ్మే తన గుర్తుగా, పెట్రోలు బంకుల్లో కూడా టికెట్లు అమ్మింది, కొన్ని సీట్లు ఒక్క రూపాయికే ఇచ్చింది. 2020లో వచ్చిన 'ఆకాశం నీ హద్దురా' సినిమాకు గోపీనాథ్ జీవితమే ఆధారం. సినిమా బాగుంది గానీ మనకు కావలసిన లెక్కలు అందులో తక్కువ.

ఆ లెక్కలు అర్థం కావాలంటే షేర్ ఆటో డ్రైవరును చూస్తే చాలు. ఆటో కిరాయికి తీసుకున్నవాడు బండి తిప్పినా, స్టాండులో నిలబెట్టినా సాయంత్రానికి ఓనరుకు కట్టాల్సింది ఒకటే. అందుకే సీట్లు నింపుతాడు, దించీ దించగానే మళ్లీ ఎక్కించుకుంటాడు. విమానాలూ చాలావరకు అద్దెకు తీసుకున్నవే. నేలమీద ఉన్నంతసేపు సంపాదన లేదు, అద్దె మాత్రం నడుస్తూనే ఉంటుంది. అమెరికాలోని సౌత్‌వెస్ట్ సంస్థ 1972లో డబ్బు లేక, ఉన్న నాలుగు విమానాల్లో ఒకటి అమ్ముకుంది. మిగిలిన మూడింటితోనే పాత టైంటేబుల్ నడపాలని, దిగిన విమానాన్ని 10 నిమిషాల్లో మళ్లీ లేపడం నేర్చుకుంది. ప్రపంచంలోని చవక విమాన సంస్థలన్నీ ఈ పాఠం చదివినవే.

రెండోది సీట్ల లెక్క. ఎయిర్‌బస్ ఏ320లో బిజినెస్ క్లాసు పెడితే సుమారు 150 సీట్లు పడతాయి, తీసేస్తే 180. ఉదాహరణకు ఒక ట్రిప్పు ఖర్చు 6 లక్షలు అనుకుందాం. సీటుకు 4,000 పడేది 3,333కు దిగుతుంది. 2006 ఆగస్టులో వచ్చిన ఇండిగో 2017 చివరిలో ఏటీఆర్ విమానాలు చేరేదాకా ఏ320 రకంతోనే నడిచింది. ఒకే రకమైతే పైలట్లు, మెకానిక్కుల శిక్షణ ఒకటే, విడిభాగాలూ ఒకటే. భోజనం, పెద్ద లగేజీ, కోరుకున్న సీటు వంటివాటికి విడిగా డబ్బు తీసుకుంటారు. మెస్‌లో తిన్నవాడికే బిల్లు వేసినట్టు. ఇందులో అన్యాయమేమీ లేదని మా అభిప్రాయం. తిననివాడు తిన్నవాడి ఖర్చు ఎందుకు మోయాలి?

చిక్కు వేరేచోట ఉంది. ఖాళీ లేకుండా తిప్పే విమానం పొద్దున గంట ఆలస్యమైతే రాత్రిదాకా దాని సర్వీసులన్నీ వరసగా ఆలస్యమవుతాయి. బదులు విమానమూ బదులు పైలటూ ఖాళీగా ఉండరు, ఉంటే ఖర్చు కాబట్టి. ఎయిర్ డెక్కన్‌పై ఆలస్యాల ఫిర్యాదులు పెరిగాయి, నష్టాలూ పెరిగాయి. 2007లో విజయ్ మాల్యా గ్రూపు అందులో వాటా కొంది, 2008లో ఆ పేరే పోయింది. ఇండిగో అలా కాదు, వేళకు నడుపుతుందని పేరు తెచ్చుకుని, దేశంలో విమానమెక్కే పదిమందిలో ఆరుగురిని తనవైపు తిప్పుకుంది. అలాంటి సంస్థ కూడా 2025 డిసెంబరులో, పైలట్ల విశ్రాంతికి కొత్త నిబంధనలు వచ్చినప్పుడు సరిపడా సిబ్బందిని సిద్ధం చేసుకోలేక ఒక్క రోజులోనే వెయ్యికి పైగా సర్వీసులు రద్దు చేసింది. చవక విమానంలో కస్టమర్ సర్వీసు అంటే టీ అందించడం కాదు. అనుకున్న వేళకు చేర్చడం, చేర్చలేకపోతే ముందుగా చెప్పడం.

ఈ "ముందుగా చెప్పడం" దగ్గరే మేము దెబ్బతిన్నాం. నిరుడు మేమిద్దరం బెంగళూరు ఇంటర్వ్యూకు ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో టికెట్లు తీయించుకున్నాం. ఉదయం 6 గంటల విమానం. తెల్లవారుజామున పుష్పక్ బస్సెక్కి శంషాబాద్ చేరాక తెలిసింది, మూడున్నర గంటలు ఆలస్యమని. కబురు రాత్రే వచ్చిందట, కానీ టికెట్‌లో ఉన్నది ఇంటర్నెట్ సెంటర్ అతని నంబరు! అక్కడ టిఫిన్ ధర చూసి మంచినీళ్లతో సరిపెట్టుకున్నాం. పక్కనున్నవాళ్లు కౌంటర్‌లో అడిగి ఫుడ్ ప్యాకెట్లు తెచ్చుకుంటుంటే అవి ఎక్కువ డబ్బు కట్టినవాళ్లకేమో అనుకున్నాం. 11 గంటల ఇంటర్వ్యూకు ఒంటిగంటన్నరకు చేరాం. ఒకరిని సాయంత్రం పిలిచారు, మరొకరిని పిలవలేదు.

తర్వాత రూల్సు తీసి చదివాం. డీజీసీఏ 2010లో చేసి, తర్వాత సవరించిన నిబంధనల ప్రకారం, రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే రెండు గంటలు ఆలస్యమైనా తిండి ఉచితంగా పెట్టాలి, ఎంత చవక టికెట్‌కైనా సరే. ఆలస్యం ఆరు గంటలు మించితే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో కోరవచ్చు. ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే వాపసుతో పాటు పరిహారం కూడా ఉంది: గంట లోపు ప్రయాణానికి 5,000, రెండు గంటల లోపుకు 7,500, ఆపైన 10,000 రూపాయలు, లేదా మూల చార్జీ, ఇంధన చార్జీ కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది. వాతావరణం వంటి సంస్థ చేతిలో లేని కారణాలకు ఇవి వర్తించవు. మనమే టికెట్ రద్దు చేసుకున్నా పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగివ్వాలి. ఇవ్వకపోతే ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

ఇంకో మెలిక కూడా ఉంది. టికెట్ తీసుకునేటప్పుడు సరైన ఫోన్ నంబరు ఇవ్వనివారికి రద్దు పరిహారం ఇవ్వనక్కరలేదు. అందుచేత టికెట్ ఎవరితో తీయించినా నంబరు మాత్రం మీదే రాయించండి. విద్యార్థి ఐడీ కార్డు ఉంటే కొన్ని సంస్థలు అదనంగా 10 కిలోల లగేజీ ఇస్తున్నాయి, అదీ అడగండి.

ఈ ఏడాది మళ్లీ బెంగళూరు వెళ్లినప్పుడు విమానం రెండుంపావు గంటలు ఆలస్యమైంది. ఈసారి కబురు మా ఫోన్‌కే వచ్చింది. కౌంటర్ దగ్గరకు వెళ్లి అడిగాం. అక్కడి అమ్మాయి వాదించకుండా బోర్డింగ్ పాసు చూసి, ఇద్దరికీ చెరో శాండ్‌విచ్, పండ్లరసం డబ్బా ఇచ్చింది.