చెరువు గట్టున హామ్ రేడియో

ప్రశ్న: మా ఊరి రంగసముద్రం చెరువు గట్టున హామ్ రేడియో శిబిరం పెట్టాలని మిత్రులం అనుకుంటున్నాం. మాలో ఎవరికీ లైసెన్సు లేదు. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక డిగ్రీ విద్యార్థి, శ్రీరంగాపూర్

జవాబు: ముందు లైసెన్సు ఉన్న ఒక హామ్‌ను (అమెచ్యూర్ రేడియో ఆపరేటర్‌ను) పిలవండి. సెట్టు ఆయన చేతిలోనే ఉండాలి. లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరం. మీరు వినండి, కాల్‌సైన్లు (స్టేషన్ల గుర్తింపు సంకేతాలు), సమయాలు లాగ్‌బుక్‌లో రాయండి, యాంటెనా కట్టండి. నేర్చుకోవాల్సింది అక్కడే ఎక్కువ.

పగటిపూట మన రాష్ట్రంలోని స్టేషన్లతో మాట్లాడటానికి 7 మెగాహెర్ట్జ్ బాగుంటుంది. దానికి సుమారు 20 మీటర్ల తీగ, మధ్యలో ఫీడర్ కేబుల్, 12 వోల్టుల బ్యాటరీ చాలు. కరెంటు తీగల దరిదాపుల్లో మాత్రం కట్టొద్దు. ఉరుము వినిపిస్తే వెంటనే ఆపేయండి. గట్టు వాడుకోవడానికి ముందే అనుమతి తీసుకోండి.

అమెరికాలో 1933లో మొదలైన ‘ఫీల్డ్ డే’ పేరుతో ఇలాంటి శిబిరాలను ఏటా జూన్‌లో జరుపుతున్నారు. కరెంటు, ఫోన్లు లేనప్పుడూ మాట కలపగలగాలన్నదే ఉద్దేశం. 2004 సునామీ సమయంలో అండమాన్‌లో ఉన్న హామ్ బృందం చేసిందీ అదే.

తర్వాత లైసెన్సు కోసం రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ పరీక్ష రాయండి, దానికి మోర్స్ కోడ్ అక్కర్లేదు. వివరాలకు హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థను అడగండి.