రెండో లైను పెట్టించుకునే ముందు

అల్లుడూ,

ఇంట్లో వంద ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది, ఇంకో కంపెనీది యాభై పెట్టించుకుంటే నూట యాభై అవుతుందా అని అడిగావు. ఇంటి మొత్తానికి లెక్కేస్తే అవుతుంది. నువ్వు దించుకునే ఒక్క ఫైలుకి మాత్రం కాదు. ఎందుకో తెలిస్తే ఏం కొనాలో నీకే తెలుస్తుంది.

నేను టెలిఫోన్ శాఖలో ఉన్నప్పుడు ఐఎస్‌డీఎన్ లైన్లు ఉండేవి. ఒక్కో లైన్లో 64 కేబీపీఎస్ చానళ్లు రెండు. రెండింటినీ డేటాకే వాడితే ఒకే ఫైలు 128 వేగంతో దిగేది. మల్టీలింక్ పీపీపీ అనే పద్ధతితో అది సాధ్యమైంది. 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1990లో దాని నియమాలున్నాయి. ఇటువైపు పెట్టె ప్రతి ముక్కకీ వరుస నంబరు వేసి రెండు చానళ్లలో పంపేది. అటువైపు పెట్టె ఆ నంబర్లు చూసి మళ్లీ వరుసలో పేర్చేది. అసలు కిటుకు అక్కడుంది: ఇక్కడ విడదీస్తే సరిపోదు, అవతల పేర్చేవాడు కూడా ఉండాలి.

నీ రెండు లైన్లకీ అవతల అలా పేర్చేవాడు లేడు. రెండూ వేర్వేరు కంపెనీలవి, ఒక్కోదానికి ఒక్కో ఐపీ అడ్రసు. సర్వరు ఒక అడ్రసుతో మాట కలిపాక, అదే సంభాషణలోని ప్యాకెట్లు ఇంకో అడ్రసు నుంచి వస్తే ముక్కూ మొహం తెలియనివని పారేస్తుంది.

అందుకే బజారులో దొరికే, రెండు లైన్లు తగిలించుకునే డ్యూయల్ వాన్ రౌటర్ ప్యాకెట్లను విడదీయదు, కనెక్షన్లను పంచుతుంది. ఒక మనిషి రెండు బస్సుల్లో ఒకేసారి కూర్చోలేడు గానీ పెళ్లివారంతా రెండు బస్సుల్లో సర్దుకోవచ్చు కదా, అదే పద్ధతి. అమ్మ సినిమా ఒక లైన్లో, నీ క్లాసు ఇంకో లైన్లో వెళ్తాయి. టోరెంట్లు, డౌన్‌లోడ్ మేనేజర్లు ఒకేసారి చాలా కనెక్షన్లు తెరుస్తాయి కాబట్టి వాటికి రెండు లైన్లూ కలిసొస్తాయి. ఊక్లా స్పీడ్‌టెస్టూ అంతే. అందులో 'సింగిల్' అనే ఎంపిక ఉంటుంది, దాంతో మళ్లీ చూడు. నూట నలభై చూపించిన మీటరు ఒక లైను వేగానికి దిగిపోతుంది.

బిగించేటప్పుడు మూడు విషయాలు గుర్తుపెట్టుకో. కంపెనీలిచ్చే పెట్టెలు రెండూ తరచు 192.168.1.1 అడ్రసుతోనే వస్తాయి. అలాగే కలిపితే రౌటర్‌కి ఏది ఏదో అర్థం కాదు. ఒకదాన్ని 192.168.2.1కి మార్చి, నీ రౌటర్‌కి 192.168.10.1 ఇవ్వు. రెండోది, వాటా. వందకి యాభై అంటే 2:1 అని పెట్టాలి, సగం సగం పెడితే చిన్న లైను ముందే నిండిపోతుంది. మూడోది, బ్యాంకు సైట్లు, నాన్న ఆఫీసు వీపీఎన్ ఎప్పుడూ ఒకే లైన్లో వెళ్లేట్టు నియమం రాయి. మధ్యలో అడ్రసు మారితే బ్యాంకు సైటు అనుమానించి బయటికి గెంటేయొచ్చు.

నిజంగా కలపాలంటే అవతల పేర్చేవాణ్ని మనమే పెట్టుకోవాలి. ఓపెన్‌ఎంపీటీసీపీరౌటర్ అనే సాఫ్ట్‌వేర్ చేసేది అదే: ఇంట్లో ఒక పెట్టె, డేటా సెంటర్లో అద్దెకి ఒక సర్వరు. స్పీడిఫై అనే సేవ అయితే అలాంటి సర్వర్లను తనే నడిపి నెలనెలా చందా తీసుకుంటుంది. ఓపెన్‌ఎంపీటీసీపీరౌటర్ వాడే మల్టీపాత్ టీసీపీ అనే విద్యని ఆపిల్ 2013లోనే సిరికి వాడింది. అటు సర్వర్లూ తనవే కాబట్టి కుదిరింది. ఇలా కలపడానికీ ఇబ్బందులున్నాయి. సర్వరు దూరమైతే ఆటల్లో ఆలస్యం కనిపిస్తుంది, కొన్ని ఓటీటీలు వీపీఎన్ అని అడ్డుకుంటాయి, రెండు లైన్ల ఆలస్యాల్లో తేడా ఎక్కువైతే ముందొచ్చిన ముక్కలు వెనకొచ్చేవాటి కోసం ఎదురుచూస్తాయి.

నన్నడిగితే రెండో లైను అసలు లాభం వేగం కాదు, ఒకటి పోతే ఇంకోటి ఉండటం. అయితే ఒక మెలిక ఉంది. వీధి చివర ఫైబర్ తెగితే కంపెనీ ఇచ్చిన ఫైబర్ పెట్టె (ఓఎన్‌టీ) మీద, సిగ్నల్ పోయిందని చెప్పే ఎల్ఓఎస్ లైటు ఎర్రగా వెలుగుతుంది, కానీ ఓఎన్‌టీకీ రౌటర్‌కీ మధ్య తీగ బాగానే ఉంది కాబట్టి రౌటర్ ఆ లైను బతికే ఉందనుకుంటుంది. అందుకే 1.1.1.1 లాంటి బయటి అడ్రసుని పింగ్ చేసి చూసుకునేట్టు సెట్ చెయ్యి. ఇంకోటి, రెండు కేబుళ్లూ ఒకే స్తంభం మీంచి వస్తే రెండు లైన్లున్నా ఒకటే. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో కరెంటు స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించినప్పుడు చూశాం కదా. ఒకటి ఫైబర్, ఇంకోటి 5జీ అయితే మేలు. పెట్టెలన్నిటికీ చిన్న యూపీఎస్ తప్పనిసరి.

డబ్బు పెట్టే ముందు లాప్‌టాప్‌కి లాన్ తీగ పెట్టి ఓఎన్‌టీ దగ్గరే వేగం కొలువు. అక్కడ తొంభై దాటి, నీ గదిలో ముప్ఫై వస్తుంటే లోపం వైఫైది. రెండో లైను దాన్ని బాగుచేయదు. గదిలోనూ పూర్తి వేగం వస్తూ, అయినా ఇంట్లో చాలకపోతే, ముందు అదే కంపెనీ పెద్ద ప్లాన్ ధర కనుక్కో. చాలాసార్లు రెండు లైన్లూ రౌటరూ కలిపిన ఖర్చుకన్నా అదే చవక. ఎప్పుడైనా లైను పోతే నాన్న ఆఫీసు పని ఆగే పరిస్థితుంటే మాత్రం రెండోది పెట్టించు.

కొలిచిన అంకెలు రాసి పంపు, వాటిని బట్టి రౌటర్ సంగతి చెబుతాను.

ఇట్లు,
మావయ్య