గుడారము ఎక్కడ వేయవలెను?

బిడ్డలతో పరదేశమునకు వెళ్లు కుటుంబముల కొరకు ఒక పాఠము
చదువవలసిన భాగము: ఆదికాండము 13వ అధ్యాయము



అబ్రాము కాపరులకును లోతు కాపరులకును జగడము వచ్చినప్పుడు, పెద్దవాడైన అబ్రాము ఏ వైపు కావలెనో ఏర్పరచుకొను హక్కును చిన్నవానికే విడిచెను. యొర్దాను ప్రక్క నేల పచ్చగా కనబడగా లోతు దానిని కోరుకొనెను. అతడు గడ్డిని చూచెను, నీటిని చూచెను, మందలకు కావలసినదంతయు చూచెను. తన ఇంటివారు ఎవరి మధ్య పెరుగుదురో మాత్రము చూడలేదు. తరువాత జరిగినది 14, 19 అధ్యాయములలో మీరు చదువుకొనవచ్చును.

పరదేశమంతయు సొదొమ అని నేను చెప్పుట లేదు. అక్కడను దైవభక్తి గలవారున్నారు, మంచి పొరుగువారున్నారు. అయితే జీతమును చూచి దేశమును, అద్దెను చూచి ఇంటిని ఏర్పరచుకొని, బిడ్డ సంగతి చివరకు తలంచుట లోతు చేసిన పనియే.

ఈ విషయములో నేనును తప్పిపోతిని. 2023లో మన సంఘములోని ఒక చెల్లెలు నర్సు ఉద్యోగమునకై ఇంగ్లాండుకు వెళ్లినది. భర్తయు, ఆరేండ్ల కుమారుడును, మూడేండ్ల కుమార్తెయు కొన్ని నెలలకు వెళ్లిరి. ఇల్లు ఎక్కడ తీసికొనవలెనని నన్నడుగగా, "మనవారందరు ఉన్న వీధిలోనే తీసికొనుడమ్మా" అంటిని. ప్రార్థన చేసి పంపితిని గాని, బడి సంగతి ఒక్క మాటయైన అడుగలేదు. ఫోనులో ఫోటోలు చూచి ఇల్లు కుదుర్చుకొనిరి. వెళ్లిన తరువాత చూడగా దగ్గరి బడిలో ఆ బాలుని తరగతి నిండియున్నది. ఊరి అవతలి బడిలో చోటు దొరికినది. ఆ తల్లి రాత్రి డ్యూటీ దిగి, నిద్ర లేని కన్నులతో కుమారుని బస్సులో బడికి తీసికొనిపోయెడిది. ఆ పసివాడు నాలుగు నెలలు బడిలో నోరు విప్పలేదు. ఆమె ఫోనులో ఏడ్చినప్పుడు నా యొద్ద జవాబు లేకపోయెను.

ఇప్పుడు మరియొక కుటుంబము అదే దేశమునకు బయలుదేరనున్నది. కనుక ఈసారి విచారించి తెలిసికొన్న సంగతులను వ్రాయుచున్నాను. ఇవి ఇంగ్లాండుకు సంబంధించినవి. స్కాట్లండు, వేల్సులలో విద్యా పద్ధతులు వేరు.

మొదటిది: బడి తరువాతనే ఇల్లు. అక్కడ ప్రభుత్వ ధనముతో నడచు బడులలో చదువునకు ఫీజు లేదు. నాలుగేండ్లు నిండిన బిడ్డ ఆపై వచ్చు సెప్టెంబరులో రిసెప్షన్ తరగతిలో చేరవచ్చును. మన ఊరిలో ఏ తరగతి చదివెనో చూడరు. ఆగస్టు 31 నాటికి నిండిన వయస్సును బట్టి తరగతి ఇత్తురు. ఆగస్టు 31కి ఆరేండ్లు నిండిన బాలుడు రెండవ సంవత్సరపు తరగతిలో కూర్చుండును. సెప్టెంబరులో రిసెప్షన్‌లో చేరుటకు స్థానిక కౌన్సిలునకు అంతకు ముందు జనవరి 15లోగా దరఖాస్తు పంపవలెను. పెద్ద బడికైతే అంతకు ముందు అక్టోబరు 31లోగా. సంవత్సరము మధ్యలో వెళ్లువారు ఏ బడిలో ఖాళీ ఉన్నదో కౌన్సిలునే అడుగవలెను. చిన్న తరగతులలో ఒక ఉపాధ్యాయునికి 30 మంది పిల్లలకు మించరాదని చట్టము. అందుచేత బడి ఎదుటనే ఇల్లున్నను చోటు లేకపోవచ్చును. చోటు నిరాకరించినయెడల అప్పీలు చేసికొను హక్కు కలదు.

సాధారణముగా నర్సు ముందు వెళ్లి పరీక్ష ఇచ్చి, కుటుంబము తరువాత వెళ్లును. ఆ మధ్య కాలమును వృథా చేయకుడి. ఖాళీ ఉన్న బడిని తెలిసికొని, దానికి నడచిపోగల దూరములో ఇల్లు వెదకుడి. ఎనిమిదేండ్లలోపు బిడ్డకు తగిన దగ్గరి బడి 2 మైళ్లు మించినప్పుడు కౌన్సిలు ఉచిత ప్రయాణము ఏర్పాటు చేయును. మన బాలుని బడి దానికి కొంచెము లోపు. కనుక ఆ సహాయమును దొరకలేదు.

రెండవది: బడిని గూర్చి విచారించుడి. ఆఫ్‌స్టెడ్ అను తనిఖీ సంస్థ నివేదికలను ఎవరైనను ఉచితముగా చదువవచ్చును. బడి మొత్తమునకు ఒకే మాటతో గుర్తింపునిచ్చు పద్ధతిని 2024 సెప్టెంబరులో మానివేసిరి. కావున పాత మాటనే పట్టుకొనక నివేదికను పూర్తిగా చదువవలెను. ఇంగ్లీషు రాని బిడ్డకు మీరేమి సహాయము చేయుదురని ప్రధానోపాధ్యాయుని అడుగుడి. క్రొత్త భాషలో పడిన బిడ్డ కొన్ని నెలలు మౌనముగా నుండుట సాధారణమే, భయపడవద్దు, కొట్టవద్దు. ఇంటిలో తెలుగు మానవద్దు.

మూడవది: వీధిని కాళ్లతో చూడుడి. ఉదయము ఎనిమిదిన్నరకు ఒకసారి, చీకటి పడిన తరువాత ఒకసారి ఆ ఇంటినుండి బడికి నడువుడి. రోడ్డు దాటు చోటు, దీపములు, డాక్టరు, గ్రంథాలయము, పిల్లలు ఆడుకొను స్థలము, రాత్రి డ్యూటీకి బస్సు ఉన్నవో లేవో చూడుడి. ఏ వీధిలో ఏ నేరములు జరిగెనో పోలీసువారి వెబ్‌సైటులో కనబడును. ఇల్లు చూడక దూరమునుండి ఎవరికిని డబ్బు పంపకుడి. 2019 నాటి చట్టము ప్రకారము సాధారణమైన ఇంటికి ఐదు వారముల అద్దెకు మించి డిపాజిట్టు తీసికొనరాదు.

నాలుగవది: అబద్ధముతో చోటు సంపాదింపకుడి. కొన్ని సంఘ పాఠశాలలు చోటు చాలనప్పుడు ఆరాధనకు వచ్చు కుటుంబములకు మొదటి స్థానము నిచ్చి, కాపరి ఉత్తరము అడుగును. మీరు వచ్చినన్ని ఆదివారములే నేను వ్రాయుదును, ఒక్కటియు ఎక్కువ వ్రాయను. బంధువుల ఇంటి అడ్రసు పెట్టి చోటు పొందినయెడల ఆ చోటును తీసివేయవచ్చును. అబద్ధముతో చేరిన బడిలో బిడ్డ మొదట నేర్చుకొను పాఠము ఏది?

ఐదవది, ఇక్కడ నిలిచియుండు తాతలకును అమ్మమ్మలకును. మన పెండ్లిండ్లు మే నెలలో జరుగును. అక్కడ పెద్ద సెలవులు జూలై చివరను ఆరంభమగును. అనుమతి లేక బడి మాన్పించిన తల్లిదండ్రులలో ఒక్కొక్కరికి, ఒక్కొక్క బిడ్డ నిమిత్తము, 80 పౌండ్లు జుల్మానా వేయవచ్చును. 21 దినములలో కట్టనియెడల అది 160 అగును. కనుక "పెండ్లికి రాకపోతే మాకు మొగము చూపవద్దు" అని పంతము పట్టకుడి.

ఆ చెల్లెలు ఒక సంవత్సరము తరువాత మనవారి వీధి విడిచి, బడి ప్రక్కన చిన్న ఇంటికి మారినది. ఇప్పుడు బాలుడు నడచి పోవుచున్నాడు. ఎదురింటి ముసలామె అతని పేరు సరిగా పలుకుట నేర్చుకొన్నదట. మనవారు ఆదివారము కలిసికొనుచునే యున్నారు.

బబులోనులోని చెరవారికి యిర్మీయా పంపిన ఉత్తరము జ్ఞాపకమున్నదా? ఉన్నచోట ఇండ్లు కట్టుకొని, ఆ పట్టణ క్షేమమును కోరుమని దాని భావము. పొరుగువారి మేలు కోరువాడు, తాను మంచి పొరుగువాడగును. గుడారము వేయుటకు ముందు చూడుడి. వేసిన తరువాత ఆ చోటును ప్రేమించుడి.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు:
1. లోతు చూచినవి ఏవి? చూడనివి ఏవి?
2. మనవారి మధ్య నుండుటయు, బిడ్డకు మేలగుటయు ఒకదానికొకటి విరోధమైనప్పుడు ఏది ముందు?
3. మన ఊరికి క్రొత్తగా వచ్చిన కుటుంబపు బిడ్డను మనమెట్లు చూచుచున్నాము?